మాడు

ఆపరేషన్ థియేటర్ తలుపు బయట నా జాగ.
నీళ్ళ మగ్గు, సబ్బు, కొత్త బ్లేడు.
నల్లగొండ ఆసుపత్రిల పదకొండేండ్ల సంది
తలకాయ పగిలినోళ్ళకు గుండు గీసేది నేనే.

ఆ రాత్రి జానయ్య గౌడును తెచ్చిండ్రు.
శాలిగౌరారం దిక్కు, పొద్దుమీకి తాడెక్కితె
మోకు జారిందట.
మనిషి లేవలే, పక్కన పడ్డ లొట్టి మాత్రం పగల్లే.
ఆయన పెండ్లాం ధనమ్మ అదే మాట మళ్ళ మళ్ళ చెప్తున్నది,
లొట్టిమీదనె కోపమొచ్చినట్టు.

డాక్టరు కండ్లల్ల లైటు కొట్టి సూసిండు,
రొమ్ముబొక్కమీద పిడికిలితోని రుద్ది సూసిండు,
ఐదు అన్నడు.
పదిహేనుకు ఐదు.
బడిల ఐదొస్తె తప్పినట్టు లెక్క.
ఈడ ఐదంటె, ఉరుకుండ్రి అని.

బ్లేడు ఆనిచ్చంగనె ధనమ్మ నా చెయ్యి పట్టింది:
"జర్రన్ని ముందట ఉంచు కొడుకా,
చెర్వుగట్టుకు ఎంట్రుకలు మొక్కుకున్న."
ఉంచరాదమ్మా అన్న.
గీసినయన్ని కవర్ల పోసి ఆమె ఒళ్ళె పెట్టిన.
నెత్తురుల తడిసిన ఎంట్రుక బరువుంటది.
తూకం తెల్వది గని, బరువుంటది.

ఆయన తాటిగెల గీస్తడు, నేను తల గీస్త.
ఇద్దరియి గీసే చేతులే.
ఒక్క పొర ఎక్కువ పోయిందా, ఇద్దరికీ పాపమే.

తెల్లారగట్ల పుర్రె పలక తీసిండ్రు, అరచెయ్యంత.
లోపల మెదడు వాచి, జాగ చాలక నలుగుతున్నదట,
కప్పు లేపితె గాలాడుతదని సిస్టరు చెప్పింది.
తీసిన పలకను యాడ పెట్టిండ్రనుకున్నరు?
ఆయన పొట్టనె కోసి
తోలు కింద పండవెట్టి కుట్టిండ్రు.
కడుపుల పెట్టుకొని సాదుకునుడంటె
ఇన్నొద్దులు మాటవరసకనుకున్న.

పుట్టెంట్రుకలు తీసెటప్పుడు మా నాయన
నా యేలు పట్టి పసిదాని మాడుమీద ఆనిచ్చేటోడు:
"కొట్టుకుంటది సూడు. గీడ కత్తి భయపడాలె."
నలభై రెండేండ్ల మనిషికి మళ్ళ మాడొచ్చింది.
పన్నెండోనాడు కుట్ల సుట్టు గీకుతుంటె
నా యేలు కింద
లేచింది, పడ్డది, లేచింది.

అందరు జానయ్యలు గారు.
ఆ నెల తొమ్మిది తలలు గీసిన.
నలుగురు ఎంట్రుక మొలవకముందె పోయిండ్రు.
కట్టంగూరు పిలగాడు కండ్లు తెరిచే ఉంటడు, సూడడు.
వాళ్ళమ్మ దినాం వాని ఫోను ఛార్జింగు పెడుతది.
ఇంకొకడు మంచిగ నడిచి ఇంటికి పోయిండు గని
ఎన్నడులేని కోపం ఒకటి మూటగట్టుకొని పోయిండు.
"గీ కోపం తగ్గుతదా?" అని వాని భార్య అడిగింది,
నన్ను, గుండు గీసెటోన్ని.
తగ్గుతదమ్మా అన్న. నాకేమెరుక.

నాలుగు నెలలకు జానయ్య వచ్చిండు,
కుడికాలు ఈడ్సుకుంట.
తలకు ఎడమపక్క సొట్ట, సొట్టనిండ ఎంట్రుకలు.
మాటలన్ని పోయి ఒక్కటే మిగిలింది: లొట్టి.
అన్నమంటె లొట్టి. నొప్పంటె లొట్టి.
ధనమ్మను పిలిసినా లొట్టే,
ఆమె పలుకుతది.

పొట్టల దాసిన పలకను రేపు నెత్తికి పెడుతరు.
అంటె మళ్ళ గుండు.
"రెండుసార్లు దేవునికంటె ముందు నీకే ఇస్తున్న"
అన్నది ధనమ్మ. నవ్విందో, తిట్టిందో.

నీళ్ళు సల్లి బ్లేడు పెట్టిన.
జానయ్య ఎడమచేత్తోని నా మణికట్టు పట్టి
జరంత ఏటవాలు చేసిండు,
గెలమీద కత్తి పెట్టినట్టు.
పెండ్లాం పేరు పోయింది, ఆ ఏటవాలు పోలే.
ఆయన చెప్పినట్టే గీసిన.

సొట్టకాడికి వచ్చినంక బ్లేడు పక్కకు పెట్టి
ఊకెనె యేలు ఆనిచ్చిన.
ఇయ్యాల్టిదాంక కొట్టుకుంటది.
రేపు కప్పేస్తరు.